అల్మారా కింద పసుపు గీత

కిందటి వారం మనం వనజాక్షిని హాల్లో, గోడ అల్మారా ముందు, నేల మీద కూలబడిన మనిషిగా వదిలిపెట్టాం. అల్మారాలోని స్వామి పటానికి ఎదురుగా నేల మీద రోజూ తాను వేసే చిన్న ముగ్గు, ఎవరో చీపురు వంపుగా తిప్పి ఊడ్చినట్టు చెరిగిపోవడం అది నాలుగోసారి. అనుమానమొచ్చి మూడో అర అడుగున వేళ్ళు పెట్టి నొక్కింది. పటమూ పుస్తకాలూ సహా అల్మారా మొత్తం తలుపు మాదిరి కదిలింది. అవతల చీకటి. చీకట్లోంచి తైలం వాసన. అంతే, మళ్ళీ మూసేసి కూలబడిపోయింది.

ఆ అల్మారా వెనకది మామూలు గోడయితే ఇంత కథ లేదు. వడమాలపేటలో ఆ ఇల్లు ఒకప్పుడు ఒకటే. పన్నెండేళ్ళ కిందట ఇంటి పెద్దాయన పోయిన రోజు, కొరివి పెట్టాల్సిన పెద్దకొడుకు, వనజాక్షి మొగుడు చంద్రమౌళి తిరుమల మీద, పూసలూ గాజులూ అమ్మే అంగట్లో ఉన్నాడు. జడివానకు ఘాటు రోడ్డు మీద బండలు దొర్లి బస్సులు ఆగిపోయాయి. అతను దిగి వచ్చేసరికి తమ్ముడు గురప్ప కొరివి పెట్టేసి, తల గొరిగించుకుని అరుగు మీద కూర్చున్నాడు. పదకొండో రోజుకు మాటామాటా పెరిగింది. చంద్రమౌళి నడింట్లో కర్పూరం వెలిగించి, "నా ఇంటోళ్ళు నీ గడప తొక్కినా, నీ ఇంటోళ్ళు నా గడప తొక్కినా, నా ఒక్క కొడుకు నాకు దక్కకుండా పోనీ" అని అరచేత్తో కొట్టి ఆర్పేశాడు. నెల తిరక్కుండా నట్టింట్లో అడ్డగోడ లేచింది.

ఆ ఒక్క కొడుకే దేవేంద్ర. తిరుపతి, రేణిగుంట చుట్టుపక్కల కొత్త ఇళ్ళల్లో చెక్కపని చేస్తాడు. ఆ అల్మారా చేసింది కూడా అతనే. చంద్రమౌళి ఇప్పటికీ కొండ మీది అంగట్లోనే, ఆదివారాలకు మాత్రం ఇంటికి దిగుతాడు.

*

శుక్రవారం తెల్లవారింది. వనజాక్షికి కునుకు పట్టలేదు. నిన్న కొడుకు పని నుంచి వచ్చి తిని పడుకునేదాకా నోరు తెరవాలని చూసింది, తెరిస్తే ఏం వినాల్సి వస్తుందోనని మూసుకుంది. గోడ అవతల ఎర్రచందనం దుంగలు దాచుకున్నారేమోనన్న ఆలోచన దగ్గర మొదలై, పోలీసు జీపు దాకా, కోర్టు మెట్ల దాకా వెళ్ళి, చివరికి ఎటు తిరిగినా ఆ కర్పూరం దగ్గరికే వచ్చి ఆగింది ఆమె మనసు. గ్యాసు బండ ఆపి మూడుసార్లు చూసుకునే మనిషి. ఇంట్లో ఉన్నా వీధి తలుపుకు తాళం తిప్పుకునే మనిషి. కొడుకు బండెక్కి పోయినాక, పని చోటుకు చేరి ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తే తప్ప ఆమెకు మంచినీళ్ళు దిగవు. ఆ ఒక్క రింగు వాళ్ళిద్దరి ఒప్పందం. రెండో రింగు రాకూడదు.

శుక్రవారం కాబట్టి గడపలు కడిగింది. వీధి గడప, నడింటి గడప, వంటింటి గడప, పెరటి గడప. నాలుగింటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టింది. గిన్నెలో ఇంకా పసుపు మిగిలింది. వంగిన నడుము వంగినట్టే అల్మారా దగ్గరికి వచ్చింది.

అల్మారాకూ నేలకూ మధ్య అర అంగుళం సందు. మూడో అర నొక్కి తలుపు జానెడు తీసింది. అడ్డగోడ కోసిన చోట కింద కొత్త సిమెంటు, నేలకు సమానంగా, నున్నగా, బోడిగా ఉంది. తలుపనేది ఉన్నాక బోడిగా ఉంచకూడదు, ఏ దిష్టయినా ఏ పీడయినా అక్కణ్ణుంచే దూరుతుంది. చెయ్యి ఆలోచించలేదు. ముప్పై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం చేసిన పనే చేసింది. సిమెంటు మీద ఈ చివర నుంచి ఆ చివరకు బెత్తెడు వెడల్పున పసుపు రాసి, అయిదు బొట్లు పెట్టింది.

"మా... ఏం చేస్తాండావు?"

దేవేంద్ర తల తుడుచుకుంటూ వెనక నిలబడి ఉన్నాడు.

వనజాక్షి లేవలేదు. "నువ్వేం చేసినావో అది సూస్తాండా," అంది.

అతను తువ్వాలు భుజాన వేసుకుని తల్లి పక్కనే గొంతుక్కూర్చున్నాడు. "ఎప్పుడు కనుక్కున్నావు?"

"ఎప్పుడైతేనేమిరా! నగరిలో నా చెల్లెలింట్లో ఓణీలని అయిదు దినాలు నన్ను పంపించింది దీనికేనా? వచ్చేసరికి ఇల్లంతా సిమెంటు దుమ్ము. గోడకు చెమ్మ ఎక్కింది, అల్మారా పెట్టి మూసేస్తాండానని చెప్తివే!"

"చెమ్మ కూడా ఉండాది."

"నా ఇత్తడి బిందె అరలో పెడితే తీసి కింద పెట్టినావు. ఏంటికిరా అంటే అందం చెడతాదంటివి."

"బిందె పెడితే అల్మారా ముందుకు వాలిపోతాది మా. పైన ఒక ఇరుసు, కింద ఒక ఇరుసు, బరువు మోసేదానికి అడుగున ఒక చిన్న చక్రం. అంతే ఉండేది."

"మరి ఈ సందు? చీమలు ఎక్కకుండా అంటివే?"

"నువ్వు నమ్మితివే!" అని నవ్వబోయి, తల్లి మొహం చూసి మానుకున్నాడు. "గమ్మున విను రొంతసేపు. ఉగాది అయినాక చిన్నాయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. నీకు తెలుసు."

"బాగలేదని విన్నా."

"బాగలేకపోవడం కాదు మా. మంచం దిగలేడు. చిన్నమ్మ పొద్దన ఏడుకు రేణిగుంట ఫ్యాక్టరీకి పోతే మళ్ళా నాలుక్కు. ఒకసారి ఈయన లేచి వీధిలోకి పోదామని చూసి మెట్ల మీద పడిపోయినాడంట. అప్పుట్నుంచి ఆమె బయట తాళమేసి పోతాంది. లోపల ఆ మనిషి గుక్కెడు నీళ్ళకు సాయంత్రం దాకా చూడల్ల. దినమూ నువ్వు పాలకు పోయినప్పుడు, ముగ్గు వేసే లోపల, నేను పోయి లేపి, కాలకృత్యాలకు తీసుకుపోయి, రాగి జావ తాపించి పోతాండా. చిన్నమ్మకు తెలుసు. వీధికి తెలీకూడదు, నీకసలు తెలీకూడదు, అందుకని ఇట్ల అల్మారా మాదిరి చేసినా."

వనజాక్షికి జావ వినబడలేదు, నీళ్ళు వినబడలేదు. కొడుకు చొక్కా అంచు పట్టుకుంది. "ప్రమాణం ఎవరి మీదరా ఉండేది? నీ మీద! నీ నెత్తిన కర్పూరం ఆర్పి పెట్టినాడు మీ నాయన. నువ్వే పోయి ఆ గడప తొక్కుతాండావా?"

"అదే కదా మా నేను చెప్పేది. గడప యాడుండాది?"

ఆమె చూసింది.

"నాయన అన్నింది గడప తొక్కితే అని. రెండు దినాలు ఆలోచన చేసినా దానికోసమే. నేను ఇంత పని చేస్తా, ఏ ఇంట్లో అయినా గుమ్మానికి గడప లేకుండా బిగించినానా? ఈడ మాత్రం చెక్క పెట్టలేదు, రాయి పెట్టలేదు. నేల నేలగానే కలిపేసినా. గడపే లేకపోతే తొక్కేది..."

మాట అక్కడ ఆగిపోయింది. అతని చూపు సిమెంటు మీద పడింది. పసుపు ఇంకా తడిగా మెరుస్తోంది. అయిదు బొట్లు, ఎర్రగా, వరసగా.

"ఇదేంది మా?"

వనజాక్షి పసుపు గిన్నెను కొంగు చాటుకు లాక్కుంది. "బోడిగా ఉండకూడదని..."

దేవేంద్ర కాసేపు పసుపును, కాసేపు తల్లిని చూసి పెద్దగా నవ్వాడు. "నేను అంత తెలివిగా గడప లేకుండా చేస్తే, నువ్వు శుక్రవారం పూట గడప పెట్టేస్తివి కదే!"

"నవ్వొద్దురా. నీకు దండం పెడతా నవ్వొద్దు. తుడిచేస్తా ఉండు."

"తుడువు, నాకు పొద్దయితాంది. చిన్నాయన చూస్తాంటాడు."

"ఈ పొద్దు పోవద్దు. నేను తుడిచి, కడిగి, ఎవరినన్నా అడిగి..."

"ఎవర్ని అడుగుతావు? ఏమని అడుగుతావు?"

అతను తలుపు పూర్తిగా తీశాడు. చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. ఆ పూట పెందలాడే వేసిన ముగ్గు వంపుగా చెరిగింది. వనజాక్షి పట్టుకున్న చొక్కా అంచు ఆమె వేళ్ళ మధ్య నుంచి జారిపోయింది. అవతల గదిలోకి కొడుకు మొదటి అడుగు, పసుపు మీద నుంచే, మడమ పూర్తిగా ఆనిస్తూ పడటం ఆమె చూసింది.

పావుగంటకు తిరిగి వచ్చాడు. కుడి మడమ పచ్చగా ఉంది.

"కాళ్ళు కడుక్కో నాయనా."

"బూట్లేసుకుంటా కదా, అగపడదులే."

"ఒక మాట చెప్పిపో. మంగళవారం నువ్వు శ్రీకాళహస్తిలో పనికి పోయినావు. నేను డ్వాక్రా మీటింగుకు పోయి వచ్చేసరికి ముగ్గు చెరిగి ఉండాది. అంతకుముందు మంగళవారమూ అంతే. ఎవరది? మీ చిన్నమ్మా? నేను లేనప్పుడు నా ఇంట్లోకి వస్తాందా ఆమె?"

దేవేంద్ర బూటు తాడు కట్టుకోవడంలో మునిగిపోయాడు. ఒకసారి కట్టిన ముడి విప్పి మళ్ళీ కట్టాడు. "ఆమె మంగళవారం ఫ్యాక్టరీలో ఉంటాది కదా."

"మరి?"

"నన్నడగొద్దు మా. అది నేను చెప్పేది కాదు."

హెల్మెట్ చేతికిస్తూ వనజాక్షి, "చేరినాక రింగియ్యి," అంది.

"ఒక్కటే," అన్నాడు అతను, రోజూ అన్నట్టే.

*

బండి చప్పుడు పుత్తూరు రోడ్డు మలుపు తిరిగేదాకా విని, వీధి తలుపు తాళం తిప్పి, బకెట్టుతో నీళ్ళు తెచ్చింది. గుడ్డతో తుడిచింది. బొట్లు పోయాయి. పసుపు పోలేదు. కొత్త సిమెంటు పసుపును తాగేసింది. కొబ్బరి పీచుతో రుద్దింది. సబ్బు పెట్టింది. ఎంత రుద్దితే అంత పైకి తేలుతోంది ఆ గీత. మధ్యలో మడమ పడిన చోట మాత్రం తెల్లగా, కొడుకు పాదమంత ఖాళీ.

అది చూశాక ఆమె రుద్దడం మానేసింది.

ఎనిమిదిన్నరకు బయల్దేరాడు. తొమ్మిదింపావుకు రేణిగుంట చేరాలి. ఫోను అల్మారా రెండో అరలో, స్వామి పటం పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది. తొమ్మిదిన్నర. లేచి పప్పు ఏరబోయి, రాళ్ళు పప్పులో పప్పు రాళ్ళలో వేసి, చేట పక్కన పెట్టింది. పావుతక్కువ పది. తానే చేసింది. అవతల మోగి మోగి ఆగిపోయింది. బండి మీద ఉంటాడు. ఇంతసేపు బండి మీద ఏం చేస్తాడు? లారీలు తిరిగే రోడ్డు. నిన్న వాన పడింది, రోడ్డు జారుతుంది. మళ్ళీ చేసింది. మళ్ళీ మోగి ఆగిపోయింది.

ప్రతి శుక్రవారం పది గంటలకు కొబ్బరికాయ పట్టుకుని అమ్మవారి గుడికి పోయే మనిషి, ఆ పూట గుడి సంగతే మరిచిపోయింది.

అప్పుడు గోడ అవతల దబ్బుమని శబ్దం.

తరవాత ఒక స్టీలు చెంబు దొర్లిన చప్పుడు. తరవాత ఏమీ లేదు.

"గురప్పా!" అని పిలిచింది గోడకు నోరు ఆనించి. పన్నెండేళ్ళలో ఆ పేరు ఆమె నోటి నుంచి రావడం అదే మొదటిసారి. "గురప్పా, పడినావా?"

మూలుగు వినిపించింది. బయటి నుంచి పోదామంటే వాళ్ళ వీధి తలుపుకు తాళం. తాళంచెవి రేణిగుంటలో గురప్ప పెళ్ళాం మునిలక్ష్మి కొంగు ముడిలో ఉంది. ఎవరినన్నా కేకేస్తే వీధి వీధంతా తాళం పగలగొడతారు, ఆపైన ఈ తలుపు సంగతీ బయటపడుతుంది. ఇంకేం దారి లేదు. దారి ఎదురుగానే ఉంది.

మూడో అర నొక్కింది. తలుపు తిరిగింది. ఎదురుగా పసుపు గీత.

వనజాక్షి చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. కాలవ దాటినట్టు ఒక్క అంగలో, గీత మీద వేలు కూడా పడకుండా, అవతలికి దాటింది. దాటాక వెనక్కి తిరిగి చూసుకుంది కూడా.

గురప్ప మంచం పక్కన బోర్లా పడి ఉన్నాడు. చెంబు కోసం చెయ్యి చాచి జారిపోయినట్టుంది. నుదుటి మీద కొద్దిగా చీరుకుపోయింది. ఎంత ఎత్తుండేవాడు! ఇప్పుడు చంకల్లో చేతులు వేసి లాగితే తేలిగ్గా వచ్చేశాడు. మంచానికి ఆనించి కూర్చోబెట్టి, కొంగుతో నుదురు అద్ది, చెంబులో మిగిలిన నీళ్ళు తాగించింది. సగం మెడ మీదికి కారాయి.

"వ...దినా," అన్నాడు. నోరు ఒక పక్కకు లాగేస్తోంది. ఎడమ కంటి నుంచి నీళ్ళు కారాయి. "నువ్వు... వస్తివా?"

"పడితే రాకుండా ఎట్లుంటా. పిలవగూడదా, గోడ కొట్టగూడదా? ఒక్కడివే దిగేదేంటికి?"

"అన్న... వస్తాడని... చూసినా. పొద్దయిపోయె."

"ఏ అన్న?"

అతను వనజాక్షి వైపు వింతగా చూశాడు. "శుక్రారం... కదా. మంగళారం... శుక్రారం..."

ఆ మాట ఆమెకు అర్థమయ్యే లోపల, ఇవతల ఇంట్లో వీధి తలుపు తాళం తిరిగిన చప్పుడు వినబడింది. చెప్పులు విడిచిన చప్పుడు. ఎవరు వచ్చినా ముందు "వనజా" అని కేకెయ్యాలి. కేక లేదు. అడుగులు తిన్నగా హాల్లోకి, అల్మారా దగ్గరికి వచ్చాయి. ఓరగా ఉన్న తలుపును ఒక చెయ్యి తడుముకోకుండా, సరిగ్గా మూడో అర దగ్గరే పట్టుకుని, తన ఇంటి తలుపు తీసుకున్నంత తేలిగ్గా తీసింది.

"ఏమప్పా గురప్పా, ఆకలైతాండాదా? ఘాట్లో బస్సు లేటయిపోయింది రా. ఇదో, సద్దన్నంలో పెరుగు కలిపి..."

చంద్రమౌళి చేతిలో టిఫిను డబ్బాతో అక్కడే ఆగిపోయాడు.

తమ్ముడి పేరెత్తితే చేతిలో ముద్ద కంచంలో వదిలేసే మనిషి. ఆదివారం తప్ప కొండ దిగనని, అంగడి వదిలి రావడానికి ఓనరు ఒప్పుకోడని పన్నెండేళ్ళుగా చెప్తున్న మనిషి.

"గుడికి పోలేదా?" అన్నాడు చివరికి. ఆ పరిస్థితిలో అంతకంటే పనికిమాలిన మాట ఇంకోటి లేదు.

"నేను గుడికి పొయ్యేది చూసుకుని వస్తాండావా? మంగళవారం నా మీటింగు చూసుకుని వస్తాండావా?" వనజాక్షి గొంతు లేవలేదు. లేపితే ఏడుపొస్తుంది. "ఈ తలుపు పెట్టించింది ఎవరయ్యా?"

చంద్రమౌళి డబ్బా కింద పెట్టాడు. కుడి అరచేతిలో పాత కాలిన మచ్చ, ఆ పొద్దు కర్పూరం కొట్టినప్పటిది, ఎడమ బొటనవేలితో రుద్దుకున్నాడు. "వాణ్ణి నేనే అడిగినా. గడప లేకుండా చెయ్యిరా అని నేనే చెప్పినా. కొరివి పెట్టేదానికి లేకపోతిని. బతికుండగా ముద్ద పెట్టేదానికన్నా..."

గురప్ప బాగున్న చేత్తో అన్న పంచె అంచు పట్టుకున్నాడు.

"నన్ను దిక్కుమాలిన శకునాలు చూస్తావని నవ్వుతావే," అంది వనజాక్షి. "పిల్లోడి నెత్తిన ఆన పెట్టింది నువ్వు. దాన్ని తప్పించుకునేదానికి దొంగతలుపు చేయించుకునింది నువ్వు. నాతో ఒక్క మాట చెప్పింటే నేను ఆ పసుపు రాసేదాన్నా?"

"ఏం పసుపు?"

ఆమె చేత్తో చూపించింది. అతను వంగి చూశాడు. గీత మీద తాను నిలబడి ఉన్నాడు. తన పాదం పక్కనే ఇంకో పాదమంత తెల్లటి ఖాళీ.

"ఇది ఎవరిది?"

"పొద్దన వాడు తొక్కి పోయినాడు. చేరినట్టు రింగు ఇంకా రాలే."

చంద్రమౌళి ఎప్పుడూ ఆమె భయాలను చూసి నవ్వేవాడు. "నీకు ఆకాశం విరిగి పడతాంటే కూడా ముందే తెలుస్తాదే" అనేవాడు. ఈసారి నవ్వలేదు. కాలు గీత మీద నుంచి తీసుకోవడానికి ముందుకు వెయ్యాలో వెనక్కి వెయ్యాలో తెలియక అక్కడే ఉండిపోయాడు.

ఫోను మోగింది.

అల్మారా రెండో అరలో, స్వామి పటం పక్కన. గీత మీద నుంచే చంద్రమౌళి తల తిప్పి, వెలుగుతున్న తెర మీది పేరు పైకి చదివాడు. దేవేంద్ర.

ఒక రింగు. వనజాక్షి గుండెల మీద చెయ్యి వేసుకుని కళ్ళు మూసుకుంది. చేరినాడు. స్వామీ, చేరినాడు.

ఫోను ఆగలేదు.

రెండో రింగు. మూడు.

చంద్రమౌళికి చెయ్యి చాచే దూరంలోనే ఉంది అది. అతను చెయ్యి ఎత్తాడు. అది సగం దూరంలోనే ఆగిపోయింది. "నువ్వు... నువ్వు తియ్యి వనజా," అన్నాడు.

నాలుగు. అయిదు.

పిల్లి అడ్డమొస్తే ఇంట్లోకి తిరిగి వచ్చే వనజాక్షి లేచింది. "ఈయన తల పట్టుకో, జారతాడు," అని మొగుడికి చెప్పింది. ఈసారి కుచ్చిళ్ళు ఎత్తుకోలేదు. పసుపు గీత మీద రెండు పాదాలూ ఆనించి నిలబడి, ఫోను అందుకుని చెవికి పెట్టుకుంది.

"నాయనా?"

అవతల లారీల హారన్లు. ఎవరెవరో ఒకేసారి మాట్లాడుతున్న గోల. దానిలోంచి ఒక ముక్కూమొహం తెలియని మగగొంతు, గొంతు సవరించుకుని అంది:

"అమ్మా... ఈ ఫోనులో ఎక్కువసార్లు చేసిండే నెంబరని మీకు చేస్తాండాను. ఈ ఫోను పిల్లోడికి మీరు ఏమవుతారు?"